మరులమాతంగి కాయలో రెండు గింజలు: జీవపరిణామ సూత్రాలతో ఇంటి పెట్టుబడులను అమర్చుకునే పద్ధతి

కందుకూరు, పొదిలి, కనిగిరి వైపు బీళ్ళలో నడిచిన వారెవరికైనా మరులమాతంగి కాయ పరిచయమే. ఒళ్ళంతా కొక్కెపు ముళ్ళున్న ఆ కాయ పంచె అంచునో గొర్రె బొచ్చునో పట్టుకుని ఊళ్ళు దాటుతుంది. దానిని కత్తితో నిలువునా చీల్చి చూస్తే లోపల రెండు అరలు, ఒక్కో అరలో ఒక్కో గింజ కనిపిస్తాయి. ఒకటి అదునుకు మొలుస్తుంది. రెండవది తడి తగిలినా కదలక, సాధారణంగా మరుసటి ఏడాదికో ఆపై ఏడాదికో గాని లేవదు. తొలివానకు మొలిచిన మొక్క తరువాతి బెట్టకు ఎండిపోయినా, దారిన పోయే మేకలు కొరికేసినా, ఆ కాయ వంశం అంతటితో ఆగిపోదు.

ఈ పాఠాన్ని పక్క గదిలోని వృక్షశాస్త్రం వారి నుంచి అరువు తెచ్చుకుని, జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం అధ్యాపకుడిగా దాదాపు ముప్ఫై ఏళ్ళు చెప్పాను. అయినా 1994లో అల్లూరు వైపు టైగర్ రొయ్యల చెరువులో ముగ్గురు మిత్రులతో కలిసి వాటా తీసుకున్నప్పుడు, భవిష్యనిధి మీద తీసిన అప్పు, పాడుకున్న చీటీ డబ్బు, ఇంట్లో కుదువ పెట్టగలిగినంత బంగారం, అన్నీ ఆ ఉప్పునీటిలోనే పోశాను. రెండున్నర నెలలు గడిచాక ఒక తెల్లవారుజామున కాపలా కుర్రవాడు గట్టు మీద నిలబడి, ‘నీళ్ళు బాగానే ఉండాయి సార్, రొయ్యే మేతకు రావడంలా’ అన్నాడు. మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం, చెక్‌ట్రేను పైకి లాగితే రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంది. గట్టు వారగా తేలుతున్న రొయ్యను ఒకదానిని పట్టి, తలమీది డిప్ప ఊడదీసి వెలుతురుకు పెడితే, లోపలి వైపున ముగ్గుపిండి రాలినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి. వారం తిరక్కుండా చెరువు ఖాళీ అయింది. ఆ ఏడాది తూర్పు తీరమంతా పాకిన తెల్లమచ్చ వైరస్ అది. లక్షణాలు బయటపడిన మూడు నుంచి పది రోజులలో చెరువు మొత్తాన్ని తుడిచిపెట్టగల శక్తి దానిది. నా పొరపాటు రొయ్యలు వేయడంలో లేదు, వైరస్ రావడం నా చేతిలో లేదు. రెండవ గింజను ఎక్కడా దాచుకోకపోవడమే నా పొరపాటు.

ఇక్కడ చెప్పబోయే పద్ధతి ఆ తరువాతి సంవత్సరాలలో నేను అంచెలంచెలుగా కూర్చుకున్నది. దీనికి ఒక నోటుపుస్తకం, ఒక కాలిక్యులేటర్, రెండు ఆదివారాలు చాలు.

పని మొదలుపెట్టే ముందు ఒక అపోహను పక్కన పెట్టాలి. ‘బలమున్న వాడిదే బతుకు’ అన్న అర్థంలో వాడే మాట, ‘సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్’, డార్విన్ సృష్టి కాదు. 1864లో ఆంగ్ల తత్త్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ వాడిన ఆ పదబంధాన్ని డార్విన్ తరువాత తన గ్రంథంలోకి తీసుకున్నాడు. ప్రకృతివరణంలో, అంటే ఏది నిలవాలో ప్రకృతి చేసే ఎంపికలో, బలానికి, తెలివికి ప్రత్యేకమైన ప్రతిఫలమేమీ లేదు. ఉన్న పరిస్థితికి సరిపడి, తరువాతి తరానికి ఏదో ఒకటి అందించగలిగినదే నిలుస్తుంది. పరిస్థితి మారితే నిన్నటి సరిపాటే నేటి లోపమవుతుంది. మరొక హెచ్చరిక కూడా అవసరం. ప్రకృతికి లక్ష గింజలలో ఒక్కటి మిగిలినా సరిపోతుంది, తక్కిన వాటి గోడు దానికి పట్టదు. మన ఇల్లు మాత్రం ఆ లక్షలో ఒక గింజ. కాబట్టి ప్రకృతి జాతి స్థాయిలో చేసే పనిని మనం ఒకే ఇంటి లోపల, చిన్న పరిమాణంలో చేసుకోవాలి. ఈ పోలికలో ఉపయోగపడేది అంతవరకే.

మొదటి అడుగు: మీ ఆవాసాన్ని కాగితం మీద పెట్టండి

జీవశాస్త్రజ్ఞుడు ఒక ప్రాణి గురించి రాయాలంటే మొదట అది బతికే చోటును వర్ణిస్తాడు. మదుపరులలో చాలామంది ఈ పని చేయకుండా నేరుగా ‘ఏ ఫండ్ మంచిది’ అన్న ప్రశ్నకు దిగుతారు.

నోటుపుస్తకంలో ఎడమ పుటన మీ ఇంటికి వచ్చే ప్రతి రాబడిని, మీకున్న ప్రతి ఆస్తిని రాయండి. కుడి పుటన వాటి ఎదురుగా, దానిని దెబ్బతీయగల కారణం ఏమిటో రాయండి. కోవూరు దగ్గర వరి పండించే కుటుంబాన్ని తీసుకుంటే, పొలం ఎదురుగా ‘ఈశాన్య ఋతుపవనం, పెన్న వరద’ అని వస్తుంది. నెల్లూరు జిల్లా వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. 2021 నవంబరులో పెన్న ఎలా పొంగిందో చూసిన వారికి ఆ గీత ఎందుకు రాయాలో వివరించనక్కరలేదు. అదే కుటుంబానికి ఊళ్ళో ఎరువుల కొట్టు ఉంటే, దాని ఎదురుగానూ అదే కారణం వస్తుంది, ఎందుకంటే పంట పోయిన ఏడాది ఎరువుల అప్పులు వసూలు కావు. పక్క రైతులతో కలిసి వేసిన చీటీ ఎదురుగానూ అదే వస్తుంది, రైతులంతా ఒకేసారి చీటీ పాడాలని చూసే ఏడాది కూడా అదే కాబట్టి. పట్టణ శివారులో కొన్న ప్లాటు ఎదురుగానూ దాదాపు అదే వస్తుంది. దానిని అమ్మాలంటే కొనవలసిన వారు ఆ రైతులే, ఆ వ్యాపారులే.

ఎడమ పుటన నాలుగు పేర్లు, కుడి పుటన ఒకే కారణం. వేషాలు నాలుగైనా ప్రాణి ఒక్కటే. ఒంగోలు వైపు పొగాకు రైతు అయితే వేలం ధర, చీమకుర్తి గ్రానైటు మీద ఆధారపడిన ఇల్లయితే విదేశీ నిర్మాణరంగపు డిమాండు కుడి పుటను నింపుతాయి. ప్రభుత్వోద్యోగి ఇంటి కుడి పుట కొంత ప్రశాంతంగా ఉంటుంది, అందువల్ల ఆ ఇల్లు మార్కెట్‌లో ఎక్కువ ఒడుదుడుకులను భరించగలదు. మీకు ఏ పెట్టుబడి సరిపోతుందన్న విషయంలో ఈ పుటలు చెప్పినంత ఏ సలహాదారూ చెప్పలేడు.

రెండవ అడుగు: పేర్లను కాక వైవిధ్యాన్ని లెక్కించండి

1845లో ఐర్లండ్ బంగాళాదుంప పంటను తెగులు కబళించడానికి ముఖ్య కారణాలలో ఒకటి, అక్కడి పేదలు ఎక్కువగా ఒకే రకాన్ని, దుంప ముక్కల ద్వారానే తరతరాలుగా పెంచడం. లక్షల మొక్కలున్నా జన్యుపరంగా అవి ఒకే మొక్కకు నకళ్ళు. ఒకప్పుడు ప్రపంచ వ్యాపారాన్ని ఏలిన గ్రోస్ మిషెల్ అరటి పనామా తెగులుకు తలవంచి, 1960ల నాటికి కేవెండిష్ రకానికి స్థానం వదిలింది. ఆ కేవెండిష్ కూడా నకళ్ళ పంటే.

మన తీరంలో టైగర్ రొయ్య పోయాక జరిగింది కూడా ఇలాంటిదే. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చింది. వ్యాధులు లేవని పరీక్షించిన తల్లిరొయ్యలను విదేశాల నుంచి తెచ్చి, చెన్నై దగ్గర క్వారంటైన్‌లో ఉంచి హేచరీలకు ఇచ్చారు. దిగుబడి పెరిగింది, కొద్ది ఏళ్ళకే చెరువులన్నీ వనామీమయమయ్యాయి. తెల్లమచ్చకు వనామీ అతీతం కాదన్న సంగతి అటుంచినా, ఒకే రకం వల్ల ఒకే మార్కెట్ మీద ఆధారపడటం కూడా వచ్చిపడింది. 2025 ఆగస్టు 27 నుంచి భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, వ్యాధి లేని చెరువుల యజమానులు కూడా కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర) విని గట్టు మీద కూలబడ్డారు. వైరస్ నీళ్ళలోనే ఉండాలన్న నియమం ఏమీ లేదు.

మీ పోర్ట్‌ఫోలియోకు, అంటే మీ పెట్టుబడులన్నిటి జాబితాకు, ఈ పరీక్ష చేయడం సులువు. మీ దగ్గర ఉన్న ప్రతి మ్యూచువల్ ఫండ్ నెలవారీ ఫ్యాక్ట్‌షీట్ తీసి, అందులో మొదటి పది కంపెనీల పేర్లను వరుసగా రాయండి. పెద్ద కంపెనీల ఫండ్లు నాలుగు ఉన్న వారి జాబితాలలో అవే రెండు మూడు బ్యాంకులు, అదే చమురు సంస్థ, అవే సాఫ్ట్‌వేర్ కంపెనీలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. సగానికి మించి పేర్లు కలిసిన రెండు ఫండ్లను ఒకటిగా లెక్కించండి. తొమ్మిది ఫండ్లున్నాయని గర్వంగా చెప్పిన ఒక సహోద్యోగి జాబితాను ఇలా కుదిస్తే చివరకు రెండున్నర మిగిలాయి. ఆ అర ఎందుకంటే, ఒకటి సగం బాండ్లలో ఉంది.

1952లో ఆర్థికశాస్త్రవేత్త హ్యారీ మార్కోవిట్జ్ గణితంలో చూపింది ఇదే: ఒక పెట్టుబడి విడిగా ఎంత ప్రమాదకరమన్నదాని కంటే, అది తక్కిన వాటితో కలిసి పడుతుందా, విడిగా పడుతుందా అన్నది ముఖ్యం. మెట్టసేద్యంలో కంది సాళ్ళ మధ్య సజ్జనో జొన్ననో వేసే ప్రకాశం రైతుకు ఆ గణితం అనుభవంలో ఉంది. తొందరగా వచ్చే పంట ఒకటి, వేరు లోతుకు దించుకుని ఆలస్యంగా వచ్చేది ఒకటి. ఒకే బెట్ట రెండింటినీ ఒకే దశలో పట్టుకోలేదు.

మూడవ అడుగు: నిద్రపోయే గింజను దాచండి

ఈ పద్ధతికి ఇది గుండెకాయ కనుక ఇక్కడ కొంచెం నిదానిస్తాను.

ఎడారి మొక్కల గింజలన్నీ మంచి వాన పడగానే ఎందుకు మొలవవన్న ప్రశ్నను 1966లో జీవశాస్త్రజ్ఞుడు డాన్ కోహెన్ గణితంగా పరిశీలించాడు. అన్నీ మొలిస్తే మంచి ఏడాదిలో సంతానం గరిష్ఠంగా ఉంటుంది, కానీ ఒకే ఒక్క చెడ్డ ఏడాది వంశాన్ని సున్నా చేస్తుంది. తరతరాల పెరుగుదల కూడికతో కాక గుణకారంతో సాగుతుంది కాబట్టి, ఆ వరుసలో ఎక్కడ సున్నా వచ్చినా మొత్తం లబ్ధం సున్నాయే. అందువల్ల దీర్ఘకాలంలో నెగ్గేది గుణమధ్యమం (ఏటేటి ఫలితాలను గుణించి తీసే సగటు) ఎక్కువగా ఉన్న వంశమే. అంకమధ్యమం (కూడి తీసే మామూలు సగటు) ఎంత ఆకర్షణీయంగా ఉన్నా దానితో ప్రయోజనం లేదు.

దీనిని రూపాయలలో చూద్దాం. ఒక వ్యాపారం ఒక ఏడాది డబ్బును రెట్టింపు చేస్తుంది, మరుసటి ఏడాది సగం చేస్తుంది అనుకోండి. ఒక ఏడాది నూరు శాతం లాభం, ఒక ఏడాది యాభై శాతం నష్టం. అంకమధ్యమం ఏటా 25 శాతం లాభమని ఊరిస్తుంది. నిజానికి ₹10 లక్షలు మొదటి ఏడాదికి 20 లక్షలై, రెండవ ఏడాదికి మళ్ళీ 10 లక్షలకే వస్తాయి. రెండేళ్ళ శ్రమకు మిగిలింది శూన్యం. ఇప్పుడు అదే ₹10 లక్షలలో 5 లక్షలను ఆ వ్యాపారంలో పెట్టి, తక్కిన 5 లక్షలను వడ్డీ కూడా రాని పెట్టెలో దాచారనుకుందాం. మొదటి ఏడాది చివర వ్యాపారంలో 10, పెట్టెలో 5, మొత్తం 15 లక్షలు. దానిని మళ్ళీ చెరిసగం చేసి అక్కడ ఏడున్నర, ఇక్కడ ఏడున్నర ఉంచండి. రెండవ ఏడాది వ్యాపారంలోని ఏడున్నర సగమై 3.75 లక్షలవుతుంది, పెట్టెలోది అలాగే ఉంటుంది, మొత్తం ₹11.25 లక్షలు. విడివిడిగా చూస్తే రెండేళ్ళలో ఏమీ పెంచని రెండు చోట్లు, కలిపి తూకం సరిచేసినందువల్ల పన్నెండున్నర శాతం ఇచ్చాయి. తరగతిలో ఈ లెక్క చేయించిన ప్రతిసారీ ఎవరో ఒకరు ‘ఎక్కడో తప్పుంది సార్’ అనేవారు. తప్పేమీ లేదు, మళ్ళీ వేసి చూసుకోండి.

నిద్రపోయే గింజ ఎంత ఉండాలన్నది మొదటి అడుగులోని కుడి పుట నిర్ణయిస్తుంది. నెల జీతం ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు చాలు. చెరువు గాని, పొగాకు గాని, కౌలు వరి గాని ఆధారమైన ఇంటికి ఒక పూర్తి పంట పెట్టుబడితో పాటు ఏడాది ఇంటిఖర్చు ఉండాలని నా అభిప్రాయం. ఈ మొత్తాన్ని సేవింగ్స్ ఖాతాలోనూ, ఎప్పుడైనా విరిచే వీలున్న ఫిక్సెడ్ డిపాజిట్లలోనూ ఉంచండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో వ్యక్తికి, అసలు వడ్డీ కలిపి ₹5 లక్షల వరకే వర్తిస్తుంది కనుక అంతకు మించితే రెండు బ్యాంకులలో పంచండి. దీని మీద వచ్చే వడ్డీ ధరల పెరుగుదలకు చాలడం లేదని బాధపడనక్కరలేదు. నిద్రపోతున్న గింజ కాయలు ఇవ్వడం లేదని ఎవరూ దానిని పారేయరు. తెలిసినవారికి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చిన డబ్బును మాత్రం దయచేసి ఈ ఖాతాలో చూపించకండి. అడిగిన రోజున రానిది దాచిన గింజ కాదు.

నాలుగవ అడుగు: పాళ్ళు నిర్ణయించండి

కావలి దగ్గర కౌలుకు చెరువు చేసే దంపతులకు ఇల్లు, నగలు పోను ₹20 లక్షలు చేతిలో ఉన్నాయనుకుందాం. నేనైతే ఇలా వేస్తాను. నిద్రగింజ 6 లక్షలు, రెండు బ్యాంకులలో. ప్రభుత్వపు దీర్ఘకాలిక పొదుపు పథకమైన పీపీఎఫ్‌లో ఏడాదికి ఒక్కొక్కరికి గరిష్ఠ పరిమితి లక్షన్నర కాబట్టి ఇద్దరి పేర 3 లక్షలు. ఇది పదిహేనేళ్ళ గడువుతో తాటిచెట్టులా నెమ్మదిగా ఎదిగే రకం. నిఫ్టీ 50, నిఫ్టీ నెక్స్ట్ 50 సూచీ ఫండ్లలో, అంటే ఆ జాబితాలలోని పెద్ద కంపెనీలన్నిటినీ కొనే ఫండ్లలో, కలిపి 7 లక్షలు. బంగారం ఈటీఎఫ్ (షేరులా కొని అమ్ముకునే బంగారపు ఫండ్) రూపంలో రెండున్నర లక్షలు. ఒంటి మీది నగను ఇందులో కలపకూడదు, ఎందుకంటే దానిని అమ్మే ధైర్యం ఏ ఇంట్లోనూ చివరి నిమిషం దాకా రాదు. దేశం బయటి కంపెనీలలో పెట్టే ఫండ్‌లో 1 లక్ష. ప్రయోగాలకు 50 వేలు.

విదేశీ పాలు ఎందుకని అడిగేవారికి మన ఒంగోలు జాతి సంగతే చెబుతాను. ఇక్కడి నుంచి ఓడలెక్కి బ్రెజిల్ చేరిన ఆ పశువులు అక్కడి ఎండకు, పేలుపిడుదులకు తట్టుకుని విస్తరించి, ఆ దేశపు మాంసపు పశువులలో ప్రధాన జాతిగా నిలిచాయి; అక్కడ వాటిని ‘నెలోర్’ అంటారు. మన జిల్లాలలో ట్రాక్టరు వచ్చి ఎద్దు పని తగ్గిపోయిన కాలంలో కూడా ఆ వంశం భూగోళానికి అవతలి వైపున వర్ధిల్లుతూనే ఉంది.

పాళ్ళు రాశాక వాటిని ఒక చెడ్డ ఏడాది మీద రుద్ది చూడండి. 2008 జనవరిలో 21,000 దరిదాపుల్లో ఉన్న సెన్సెక్స్, ముంబై షేర్ల సూచీ, 2009 మార్చి నాటికి 8,000 సమీపానికి దిగింది. పై ఇంటిలో షేర్ల పాళ్ళు, ఇక్కడివీ విదేశానివీ కలిపి 8 లక్షలు, సగమైతే 4 లక్షలు పోతాయి. ప్రయోగపు 50 వేలు పూర్తిగా పోయాయనే అనుకోండి. మిగిలేది పదిహేనున్నర లక్షలు. తిరిగి 20కి రావడానికి 29 శాతం పెరిగితే చాలు. అదే 20 లక్షలూ షేర్లలోనే ఉండి సగమైతే నూరు శాతం పెరగాలి, ఎనభై శాతం పోతే నాలుగు వందల శాతం పెరగాలి. పైగా ఆ ఏడాదే చెరువూ పోతే, ఈ దంపతులకు అడుగంటిన ధరకు షేర్లు అమ్ముకోవలసిన అవసరం ఉండదు, 6 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. ఈ లెక్క రాస్తుండగా మీకు కడుపులో తిప్పినట్టయితే షేర్ల పాళ్ళు తగ్గించండి. మార్కెట్ పడిన రోజున తిప్పడం కంటే ఇప్పుడు తిప్పడం చవక.

ఐదవ అడుగు: ఉత్పరివర్తనాలు చిన్నవిగా ఉండాలి

కొత్తదనం లేకుండా పరిణామం లేదు, కానీ పెద్ద ఉత్పరివర్తనాలలో, అంటే జన్యువులలో హఠాత్తుగా వచ్చే మార్పులలో, అత్యధికం హానికరాలే. ప్రయోగపు పాలు మొత్తంలో రెండు మూడు శాతాన్ని దాటనీయవద్దు, పోతే మళ్ళీ నింపవద్దు. రేపటి ధరల మీద పందెంలా సాగే ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి ఆ పాలుతో కూడా పోవద్దని నా మాట. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో వాటిలో దిగిన వ్యక్తిగత మదుపరులలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ స్వయంగా లెక్కతీసి ప్రకటించింది.

ఆరవ అడుగు: ఎక్కడ వరణం, ఎక్కడ తూకం

జాగ్రత్తగా చదివే పాఠకుడు ఈపాటికి ఒక వైరుధ్యాన్ని పట్టే ఉంటాడు. ప్రకృతి నెగ్గిన దానిని పెంచుతుంది, ఓడిన దానిని తుడిచేస్తుంది. నేనేమో నెగ్గిన దాని నుంచి తీసి వెనుకబడిన దానిలో వేయమంటున్నాను. చాలాకాలం నన్నూ ఇది వేధించింది. దీనికి జవాబు గలపాగోస్ దీవులలో దొరికింది.

డాఫ్నె మేజర్ అనే చిన్న దీవిలో జీవశాస్త్రజ్ఞులైన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు పిచ్చుకను పోలిన ఫించ్ పక్షులను ఏళ్ళ తరబడి కొలతలు తీసుకుంటూ గమనించారు. 1977 కరవులో మెత్తటి చిన్న గింజలు అయిపోయి గట్టి పెద్ద గింజలే మిగలడంతో, పెద్ద ముక్కు ఉన్న పక్షులే ఎక్కువగా బతికాయి. అప్పటికి చూసిన వారెవరైనా పెద్ద ముక్కుదే భవిష్యత్తు అని తీర్మానించేవారు. 1982-83లో ఎల్ నినో వల్ల కుండపోత వానలు కురిసి, దీవి నిండా చిన్న గింజల మొక్కలు అల్లుకున్నాయి. ఆ తరువాత వరణం చిన్న ముక్కుల వైపు మళ్ళింది. కరవు నాటి విజయం చూసి చిన్న ముక్కు రకాన్ని పూర్తిగా తుడిచేసి ఉంటే, వాన వచ్చిన నాడు దానిని ఎక్కడి నుంచి తెచ్చేవారు?

కాబట్టి రెండు స్థాయిలను వేరు చేయాలి. ఒకే రకం లోపల, అంటే ఒక కంపెనీకి మరొక కంపెనీకి మధ్య, వరణాన్ని జరగనివ్వాలి. సూచీ ఫండ్ ఆ పని మన ప్రమేయం లేకుండానే చేస్తుంది. 1986లో 30 కంపెనీలతో మొదలైన సెన్సెక్స్‌లో నేడూ 30 కంపెనీలే ఉన్నా, నాటి పేర్లలో చాలావరకు రాలిపోయాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడిన రోజున ఆ షేరు మూడొంతులకు పైగా విలువ కోల్పోయింది, వెంటనే సూచీల నుంచి దానిని తొలగించారు. ఆ ఒక్క షేరునే నమ్ముకుని కూతురి పెళ్ళి డబ్బు పెట్టిన వారికి అది సర్వనాశనం. సూచీని కొన్నవారికి ఒక చిన్న గాటు.

రకానికి రకానికి మధ్య, అంటే షేర్లకు, బంగారానికి, డిపాజిట్‌కు మధ్య, వరణం చేయకూడదు. అక్కడ తూకం నిలపాలి. నియమం ఇలా రాసుకోండి: ఏడాదికి ఒక్కసారి, ఎంచుకున్న తేదీన, అసలు పాళ్ళతో పోల్చి చూడాలి, ఏదైనా రకం తన పాలు నుంచి ఐదు శాతానికి మించి అటూ ఇటూ అయితేనే కదిలించాలి. మా ఇంట్లో ఆ తేదీ కనుమ మరునాడు. పండగ ఖర్చులు తేలిపోయి ఉంటాయి, మార్చి హడావుడి ఇంకా మొదలవదు. ఉన్నది అమ్మే ముందు కొత్తగా వచ్చిన డబ్బును వెనుకబడిన రకంలో వేసి తూకం సరిచేయడానికి ప్రయత్నించండి. షేర్ల ఫండ్లను ఏడాది దాటాక అమ్మితే, 2024 జూలై 23 నుంచి ఉన్న నియమం ప్రకారం, ఆర్థిక సంవత్సరంలో ₹1.25 లక్షలకు మించిన లాభం మీద పన్నెండున్నర శాతం పన్ను పడుతుంది. ఆ హద్దు లోపల అమ్మితే పన్ను లేదు.

ఈ నియమం రాసుకోవడం సులువు, పాటించడం ఒళ్ళు జలదరించే పని. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజులో 3,935 పాయింట్లు పడి 25,981 వద్ద ముగిసింది. లాక్‌డౌన్‌లో గడప దాటలేని ఆ వారంలో డిపాజిట్ విరిచి సూచీ ఫండ్ కొనమని నోటుపుస్తకం చెబుతుంటే, నేను మూడు రోజులు దానిని బీరువా మీద పెట్టి చూడనట్టు నటించాను. చివరకు కొన్నది రాసుకున్న దానిలో సగమే. ఆ డిసెంబరు చివరకు సూచీ 47,000 దాటింది. మిగిలిన సగం గురించి మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంటుంది.

ఏడవ అడుగు: అదృష్టాన్ని అనుకూలనంగా (పరిస్థితికి తగ్గ సామర్థ్యంగా) భ్రమించవద్దు

చిన్న జనాభాలో ఒక లక్షణం ఏ ప్రయోజనం లేకుండానే, కేవలం యాదృచ్ఛికంగా వ్యాపించవచ్చు. దానిని జన్యు విస్థాపనం అంటారు. 64 మంది చేత ఆరేసి సార్లు నాణెం ఎగరవేయిస్తే, సగటున ఒకరికి ఆరూ బొమ్మలే పడతాయి. ఆయన ఫొటోతో ప్రకటన వేయవచ్చు, ఆయన చేతివాటం గురించి వ్యాసం రాయవచ్చు. వరుసగా మూడేళ్ళు మొదటి స్థానంలో నిలిచిన ఫండ్‌ను చూసినప్పుడు ఆ నాణేన్ని తలచుకుంటే చాలు.

ఎనిమిదవ అడుగు: పరుగెత్తినా కదలని నేల

1973లో జీవశాస్త్రజ్ఞుడు లీ వాన్ వాలెన్ ఆలిస్ కథలోని రాణి పేరుతో ప్రతిపాదించిన ‘ఎర్రరాణి’ భావన ప్రకారం, చుట్టూ ఉన్న ప్రాణులు కూడా మారుతూ ఉంటాయి కనుక ఉన్నచోటనే ఉండటానికి సైతం నిరంతరం పరుగెత్తాలి. డబ్బు విషయంలో ఆ పరుగును రెండు తింటాయి, ధరల పెరుగుదల ఒకటి, ఖర్చులు ఒకటి. మొదటిది మన చేతిలో లేదు. రెండవది పూర్తిగా మన చేతిలోనే ఉంది, కానీ దానిని చూసేవారు తక్కువ. ₹10 లక్షలు ఏటా 11 శాతం చొప్పున 25 ఏళ్ళు పెరిగితే సుమారు ₹1.36 కోట్లవుతాయి, అందులో ఒక్క శాతం కమిషన్‌గా పోయి 10 శాతమే మిగిలితే సుమారు ₹1.08 కోట్లే. తేడా ₹27 లక్షలకు పైనే. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కూ మధ్యవర్తి కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఉంది. మీ స్టేట్‌మెంట్‌లో ఫండ్ పేరు పక్కన ‘రెగ్యులర్’ అని ఉంటే, ఆ మధ్యవర్తి మీకు నిజంగా ఏం చేసి పెడుతున్నాడో చూసుకోండి. భయపడి అమ్మబోయిన మిమ్మల్ని ఒక్కసారి ఆపినా ఆయన ఆ డబ్బు సంపాదించినట్టే. పుట్టినరోజు శుభాకాంక్షలు పంపడం వరకే ఆయన పని అయితే మారిపోండి.

తొమ్మిదవ అడుగు: మంద కదిలినప్పుడు

గొర్రె పక్క గొర్రెను చూసి పరుగెత్తడం మూర్ఖత్వమేమీ కాదు. తోడేలు ఉన్న చోట అలా చేసిన గొర్రెలే బతికి మనకు మందలయ్యాయి. మనలోనూ ఆ పరుగు ఉంది. 2014లో రాష్ట్ర రాజధాని దొనకొండకు వస్తుందన్న మాట పుట్టినప్పుడు, ఆ చుట్టుపక్కల భూముల కోసం కార్లు బారులు తీరిన సంగతి ప్రకాశం వారికి గుర్తే. రాజధాని అమరావతి అయింది. తోడేలు లేని చోట ఆ పరుగు ఖరీదైనది కనుక, నోటుపుస్తకంలో లేని ఏ కొనుగోలుకైనా ముప్ఫై రోజుల గడువు పెట్టుకోండి. ముప్ఫై రోజులు ఆగలేని అవకాశాన్ని వదిలేయండి.

పదవ అడుగు: వారసత్వం

వరణం పనిచేయాలంటే లక్షణం తరువాతి తరానికి అందాలి. మదుపులో ఈ దశను దాటవేసే ఇళ్ళే ఎక్కువ. ప్రతి ఖాతాకూ నామినీ ఉన్నారో లేదో చూడండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలుగా పెట్టవచ్చు. నామినీ సాధారణంగా డబ్బును అందుకుని అసలు వారసులకు అప్పగించవలసిన వ్యక్తి మాత్రమే, కాబట్టి పంపకంలో తగవు వచ్చే ఇంట్లో వీలునామా కూడా అవసరం. నోటుపుస్తకం ఎక్కడ ఉంటుందో, ఏ బ్యాంకులో ఏముందో, కనుమ మరునాడు ఏం చేయాలో ఇంట్లో మరొకరికి తెలియాలి. పోయిన సంక్రాంతికి మా అమ్మాయి చేత ఆ తూకం లెక్క చేయించాను. బంగారం పాలు హద్దు దాటిందని తేల్చి, ‘ఇది అమ్మాలంటే అమ్మ ఒప్పుకోదు గదా నాన్నా’ అంది. ఈటీఎఫ్‌కు గాజుల ఆకారం ఉండదని చెప్పాను. అమ్మకానికి వేళ్ళు కీబోర్డు మీద పెట్టి, ఒకసారి వంటింటి వైపు చూసి, అప్పుడు నొక్కింది.